పోశెట్టన్న మంచు గుహ

మొన్న శుక్రవారం మా ఆఫీసు కుర్రాళ్ళు నన్ను ఒక గుహ చూడ్డానికి తీసుకెళ్ళారు. తలకు హెల్మెట్ పెట్టారు, దానికి దీపం బిగించారు, మణికట్టుకు కాగితపు పట్టీ చుట్టారు. లోపల నాకేమైనా అయితే అది నా ఇష్టపూర్వకంగానే అయినట్టు ఫోనులో వేలితో సంతకం కూడా పెట్టించుకున్నారు. దారి చూపించింది ఒక సౌదీ అమ్మాయి. అబాయా మీద ఎర్ర జాకెట్టు, కాళ్ళకు కొండలెక్కే బూట్లు. గోడలు ముట్టుకోవద్దనీ, చేతి జిడ్డుకు స్ఫటికాలు పాడవుతాయనీ ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పింది. రెండోసారి నా వైపే చూసి చెప్పింది. నా వయసువాళ్ళు దేన్నయినా ముట్టుకునే చూస్తారని ఆమెకు అనుభవమై ఉంటుంది. "అంకుల్, కేవ్‌లోకి రావడం ఫస్ట్ టైమా? భయమేం లేదు కదా?" అని అడిగాడు మా డిజైన్ సెక్షన్‌లో పనిచేసే గుంటూరు కుర్రాడు. రెండోసారి అన్నాను. మొదటిసారి ఎప్పుడన్నాడు. "మీరు పుట్టకముందు. అప్పుడు టికెట్టు లేదు, మెట్లు లేవు, వెలుతురు కూడా లేదు. మిగతాదంతా ఇంతే" అన్నాను. వాడు నవ్వి, నన్ను పక్కన నిలబెట్టుకుని ఒక ఫోటో తీసుకుని, బయటికొచ్చిన రెండు నిమిషాల్లో వాళ్ళమ్మకు పంపాడు. ఆవిడ అప్పటికప్పుడే చూసి, ఆ పక్కనున్న పెద్దాయనకు చలేస్తున్నట్టుంది, ఏదైనా కప్పమని జవాబిచ్చిందట.

మొదటిసారి నేను గుహలో తీసిన ఫోటో కోరుట్ల దగ్గరి ఒక ఊరికి చేరడానికి ఇరవై రోజులు పట్టింది. జవాబు రావడానికి అంతకు రెట్టింపు. ఆ ఫోటో నేను సరదాకు తీసింది కాదు. నా తెలివితేటల వల్ల ఒక మనిషి మాట మీద అతని భార్యకు నమ్మకం పోతే, దాన్ని తిరిగి తేవడానికి తీసింది. అందుకని అది బాగా రావాలని నాకూ ఆ మనిషికీ గట్టి పట్టుదల ఉండేది. నాకు తప్పు చేసినవాడి పట్టుదల. ఆయనది అసలైనది.

అప్పుడు నేను సౌదీలోనే, సులై అనే చోట ఒక కోల్డ్ స్టోరేజీలో పని చేసేవాణ్ణి. వీసా మీద తాపీమేస్త్రీని. వచ్చాక, నాకు తాపీ పట్టుకోవడం రాదనీ ఇంగ్లీషు రాయడం వచ్చుననీ కంపెనీవాళ్ళు కనిపెట్టి, స్టోరు గుమాస్తాను చేశారు. బీఎస్సీ కెమిస్ట్రీ, ద్వితీయ శ్రేణి. ఆ చదువు ఆ గోడౌనులో ఎందుకూ పనికిరాలేదు గాని, పేరు మాత్రం ఇచ్చింది. క్యాంపులో అందరూ నన్ను డిగ్రీ అనే పిలిచేవాళ్ళు. గోడౌనులో ఏడు చల్లగదులు ఉండేవి. మొదటి గదిలో ఖర్జూరాలు, రెండులో ఆపిల్ పళ్ళు, మూడులో ఉల్లిగడ్డ, ఆ తర్వాతి వాటిలో మాంసం, చేప. ఒక్కో గది తలుపు తీస్తే ఒక్కో వాసన మొహానికి కొట్టేది. తడిసిన అట్టపెట్టెల వాసన మాత్రం అన్నింటిలోనూ ఉండేది. ఎంత సబ్బు పెట్టి కడిగినా అది మా చొక్కాల్లోంచి పోయేది కాదు. బయట ఎండ నిప్పులు కురుస్తుంటే లోపల దూది కోట్లు వేసుకుని, గోడలకు పట్టిన మంచును రేకులతో గీకి బకెట్లకెత్తి బయట పారబోసేవాళ్ళం. వారానికోసారి గీకకపోతే అది జానెడు మందాన పేరుకునేది. మా లోకంలో తెల్లటి గోడ అంటే మంచు పట్టిన గోడే. తెలుపుకు ఇంకో అర్థం ఉంటుందన్న సంగతే నేను మరిచిపోయాను. ఈ ముక్క ఇక్కడ చెప్పడం అవసరం. నేను చేసిన తప్పు అక్కణ్ణుంచే పుట్టింది.

గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. అందరిలోకీ పెద్ద పోశెట్టన్న. చల్లగదుల మెకానిక్కు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. మాటలు తక్కువ, ఉన్న మాటలకు కూడా తొందర లేదు. పొద్దున నాలుగున్నరకు లేచి, ఎవరికీ నిద్ర చెడకుండా చీకట్లోనే పచ్చిపులుసు పిసికేవాడు. చింతపండు నానేసిన గిన్నె, కాల్చిన ఎండుమిరపకాయ ఘాటు, ఉల్లిగడ్డ కోసిన చప్పుడు, ఇవే మాకు అలారం. శుక్రవారం మాత్రం మేకమాంసం వండేవాడు. ఊరినుంచి తెచ్చుకున్న ఎల్లిపాయ కారం డబ్బా తన పెట్టెలో తాళం వేసి పెట్టుకుని, శుక్రవారం ఒక్కపూట మూత తీసేవాడు. మూత తీసిన చప్పుడుకు పక్కగది మలయాళీలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు. వాళ్ళకు తలా ఒక చిటికెడు పెట్టి, మూత పెట్టి, మళ్ళీ తాళం వేసేవాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవంలో సగం ఆ తాళం మీదే.

ఒక జనవరిలో కండెన్సరు ఫ్యాను బెల్టు సరిచేస్తుండగా ఎవరో చూడకుండా స్విచ్చు వేశారు. పోశెట్టన్న ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెనవేలు సగం వరకు పోయాయి. ఆసుపత్రిలో కుట్లు వేశారు. పదిహేను రోజులకు మళ్ళీ చల్లగదిలో పనికి దిగాడు. అప్పటినుంచి ఎడమచేతికి తోలు తొడుగు వేసుకుని తిరిగేవాడు. ఖాళీగా ఉన్న రెండు వేళ్ళల్లో దూది కుక్కుకునేవాడు, నిండుగా కనబడాలని. ఇంటికి పంపే ఫోటోల్లో ఆ చెయ్యి వెనక్కు పెట్టుకునేవాడు. నొప్పి గురించి ఎవరడిగినా, "ఏం లేదు. వేళ్ళు జర్ర తక్కువైనయి గంతే" అనేవాడు.

క్యాంపులో ఉత్తరాలు రాసే పని నాది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం మీద అట్ట పెట్టుకుని కూర్చుంటే, ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పేవాళ్ళు, నేను రాసేవాణ్ణి. అందరూ చెప్పేది ఒకటే. నేను క్షేమం, మీరు క్షేమం అని తలుస్తాను, ఇక్కడ ఎండలు, అక్కడ వానలు పడ్డాయా. వందసార్లు రాసేసరికి నా చెయ్యి ఊరుకునేది కాదు. ఒకరి ఉత్తరంలో ఒంటెను, ఇంకొకరి ఉత్తరంలో ఇసుకతుఫానును నా సొంత ఖర్చుతో చేర్చేవాణ్ణి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఉత్తరం చదివించుకున్నాక ఇంట్లోవాళ్ళు మెచ్చుకున్నారని కొందరు నాకు పెప్సీ కూడా తాగించారు. అదే నన్ను పాడుచేసింది.

వేళ్ళు పోయిన నెలకు పోశెట్టన్న వచ్చి కూర్చున్నాడు. "చేతికి జర్ర గీరుకపోయింది, ఇప్పుడు మంచిగున్నది అని రాయి" అన్నాడు. రాశాను. రాసి చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. కాగితం మీద ఆ వాక్యం ఒక్కటే నిలబడి అనుమానంగా చూస్తున్నట్టుంది. ఆమె కళ్ళు దాని మీద ఆగకుండా పక్కన ఇంకేదైనా వింత పెడదామనుకున్నాను. ఆ వారమే అబూ నాసిర్ అనే సౌదీ పెద్దాయన మా గోడౌనుకు ఖర్జూరాలు దింపుతూ ఒక మాట చెప్పాడు. రుమాహ్ అనే ఊరు దాటాక తమవాళ్ళు మేకలు మేపే బయలులో నేలలో ఒక రంధ్రం ఉందట, దాన్ని దహల్ అంటారట. చిన్నప్పుడు నీళ్ళకోసం అందులోకి దిగేవాడట. "లోపల గోడలన్నీ తెలుపు, చల్లగా ఉంటుంది, ఇదిగో ఈ గది లాగ" అని మా నాలుగో గది తలుపు మీద చెయ్యి వేసి చూపించాడు. అంతే చెప్పాడు ఆయన. మిగతాది నేను చెప్పుకున్నాను. ఉత్తరంలో ఇలా రాశాను: ఇక్కడ ఎడారి నడుమ భూమిలో ఒక మంచు గుహ ఉన్నది, దేవుడు కట్టిన కోల్డ్ స్టోరేజీ, గోడలకు జానెడు మంచు, నేను పోయి చూసి వచ్చాను. పోశెట్టన్నకు చదివి వినిపించేటప్పుడు ఆ పేరా దగ్గర కొంచెం వేగం పెంచాను.

ఆయన భార్య గంగామణి బీడీలు చుట్టేది. చదువు రాదు. ఉత్తరాలు వస్తే బీడీ కార్ఖానాకు తీసుకెళ్ళి అక్కడి గుమాస్తాతో చదివించుకునేది. అంటే ఆ ఉత్తరాన్ని కార్ఖానాలో కూర్చున్న ఆడవాళ్ళందరూ వింటారు. ఈ సంగతి నాకు తెలియదు. తెలిస్తే మంచు కొంచెం తగ్గించి రాసేవాణ్ణి. రెండు నెలలకు మా క్యాంపులోని ఒకతను సెలవు మీద ఊరికి పోయి తిరిగొస్తూ, గంగామణి మాట్లాడిన క్యాసెట్టు తెచ్చిచ్చాడు. అప్పుడు మాకు అదే ఫోను. పోశెట్టన్న టేపు రికార్డరులో పెట్టి, గదిలో అందరూ ఉన్నా సరే నొక్కాడు. ఆమె గొంతు వెనకాల కోళ్ళ చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు వినబడ్డాయి.

"లత నాయినా, నేను గంగామణిని మాట్లాడుతున్న. నీ చీటి వచ్చింది. గుమాస్తా సదివిండు. ఎడారిల మంచు గుహ ఉన్నదంట, నువ్వు పోయి చూసినవంట. గుమాస్తా నవ్విండు. అందరు నవ్విన్రు. మీ ఆయినకు ఎండ నెత్తికెక్కింది గంగామణీ అన్నడు. నవ్వితే నవ్వని. నా బాధ గది గాదు. నీ చేతికి జర్ర గీరుకపోయింది అని రాస్తివి. ఇక్కడికి వచ్చినాయిన నన్ను సూసి తల వంచుకున్నడు. చెయ్యి ఎట్లున్నది అని అడిగితే, మంచిగనే ఉన్నది అక్కా అనుకుంట నేల సూసిండు. మంచు గుహ అబద్ధమైతే, చెయ్యి మంచిగున్నదన్నది గూడ అబద్ధమేనా? నాకు నిజం దెలిసేదాక నేను చీటి పంప, క్యాసెట్టు పంప. గంతే."

తర్వాత టేపు అరగంట ఖాళీగా తిరిగింది. పోశెట్టన్న దాన్ని ఆపలేదు, ఇంకేమైనా ఉంటుందేమోనని చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మంచు గుహ ఉన్నదా, లేదా?" అన్నాడు.

"ఉందన్నా. అబూ నాసిర్ చెప్పాడు."

"నువ్వు సూసినవా?"

"నేను చూళ్ళేదు. మీరు చూసినట్టు రాశాను."

"అయితే ఇద్దరం పోయి సూద్దాం. కెమెరా నీ తాన ఉన్నది గద. ఫోటో తీసి పంపుదాం."

"చెయ్యి సంగతి?" అన్నాను.

"ముందుగాల గుహ నిజమైతే, చెయ్యిని గూడ నమ్ముతది" అన్నాడు. ఆ లెక్క నాకు అంతగా నచ్చలేదు గాని, దాన్ని సరిదిద్దే అర్హత నాకు లేదు.

ఆ రోజుల్లో ఊరు దాటి పోవాలంటే కంపెనీ కాగితం కావాలి. ఇకామా, అంటే నివాస కార్డు, జేబులో ఉంటే చాలదు, మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీలు, ముద్రతో ఉత్తరం ఉండాలి, లేకపోతే మొదటి చెక్‌పోస్టులోనే దింపేసేవాళ్ళు. మా ముదీర్, అంటే మేనేజరు, ఒక ఈజిప్టు పెద్దమనిషి. ముద్ర ఆయన సొరుగులో ఉండేది. బుధవారం నేను అర్జీ పట్టుకుని వెళ్ళాను. ప్రయాణకారణం అన్నచోట, సహజమైన మంచు గుహను చూచుటకు, ఫోటో తీయుటకు అని ఇంగ్లీషులో నీటుగా రాశాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"మీరు వారంలో ఆరు రోజులు మంచులో పని చేస్తారు" అన్నాడు.

"అవును సార్."

"ఏడో రోజు సెలవిస్తే మంచు చూడ్డానికి పోతారా?"

"ఇక్కడిది కంపెనీ మంచు సార్. అది దేవుడి మంచు."

ఆయన నవ్వలేదు. కాగితం వెనక్కిచ్చాడు. బయట నిలబడ్డ పోశెట్టన్నకు చెప్పాను, కాదన్నాడని. "మళ్ళ బుధవారం పోదాం" అన్నాడు, బస్సు తప్పిపోయినవాడిలాగ. రెండో బుధవారం ఇద్దరం వెళ్ళాం. మళ్ళీ కాదన్నాడు. మూడో బుధవారం పోశెట్టన్న అబూ నాసిర్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ పెద్దాయన వచ్చీరాని హిందీలో, "నేను తీసుకుపోతా, నేనే తెస్తా, నా పిల్లల్ని తెచ్చినట్టు తెస్తా" అని ముదీర్ ముందు కూర్చుని గావా, అదే అరబ్బు కాఫీ, తాగి, ఇంకో కప్పు అడిగాడు. ఆ రెండో కప్పుకు ముద్ర పడింది. ఆయనకు ఈ గుహ మీద ఇంత మోజు ఎందుకో నాకప్పుడు తెలియలేదు. దారిలో చెప్పాడు. తన మనవలకు ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళు రామన్నారట. వినడానికి రెండు చెవులు దొరికాయి, అవి ఇండియావి అయితే ఏమిటి అనుకున్నాడు.

శుక్రవారం తెల్లారుతూనే అబూ నాసిర్ పికప్‌లో బయల్దేరాం. ఇక్కడ మేం చేసిన ఒక పని, చల్లగదుల్లో పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యనిది, చెప్పాలి. ఎండకు రీలు పాడవుతుందని మాకు భయం. రీలులో మిగిలినవి ఆరు ఫోటోలు. మా దృష్టిలో పాడవకుండా ఉండాల్సిన వస్తువు ఏదైనా మంచులోనే ఉండాలి. మాంసమైనా, మందులైనా, కెమెరా అయినా. నాలుగో గది గోడ గీకి, ఆ మంచును థర్మోకోల్ పెట్టెలో పరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన కెమెరాను పెప్సీ డబ్బాల మధ్య పడుకోబెట్టాం. దారి పొడుగునా పోశెట్టన్న ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రుమాహ్ దాటాక తారురోడ్డు వదిలి, రాళ్ళ బయలు మీద గంటసేపు పడి లేస్తూ పోయాం. చెట్టు లేదు, గుట్ట లేదు, గుర్తు అనదగ్గది ఏదీ లేదు. అబూ నాసిర్ మాత్రం ఇంటి వీధిలో మలుపు తిరిగినట్టు అక్కడక్కడ తిప్పుతూ, ఒకచోట ఆపి, దిగండి అన్నాడు.

నేలలో తలుపంత రంధ్రం. దగ్గరికి పోతే అందులోంచి గాలి వీస్తోంది. అబూ నాసిర్ తలగుడ్డ విప్పి ఆ రంధ్రం మీద పట్టుకుంటే అది పైకి ఎగిరి రెపరెపలాడింది. బయట ఎండకు కళ్ళు తెరవలేకుండా ఉన్నాం, ఆ గాలి మాత్రం చల్లగా ఉంది. పోశెట్టన్న నా వైపు చూశాడు. గెలిచామన్నట్టే చూశాడు. పికప్ వెనక కొక్కేనికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని జారుడుగా ఉన్న రాళ్ళ మీదుగా దిగాం. అబూ నాసిర్ మోకాళ్ళు ఒప్పుకోవని పైనే కూర్చున్నాడు. కింద ఒక పెద్ద గది. టార్చి వేశాను. ఎదుటి గోడంతా తెలుపు. పైనుంచి తెల్లటి కడ్డీలు వేలాడుతున్నాయి, గోడ మీద తెల్లటి మొగ్గలు, నురగలు, పొరలు, మా నాలుగో గదిని పదేళ్ళు గీకకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగ. టార్చి వెలుగు పడ్డచోటల్లా మెరిసింది. జీవితంలో మొదటిసారి నా అబద్ధం నిజమైందని నాకు ఒళ్ళు పులకరించింది.

కెమెరా తీసి కన్ను పెడితే ఏమీ కనబడలేదు. అద్దం మీద పాలు పోసినట్టుంది. గుహలో గాలి చెమ్మగా ఉంది, మంచుపెట్టెలోంచి తీసిన కెమెరా మీద ఆ చెమ్మ అంతా వాలింది. తుడిస్తే మళ్ళీ పట్టింది. తొందరలో రెండు ఫోటోలు అలాగే నొక్కేశాను. ఇక ఆగాల్సిందే. పోశెట్టన్న కెమెరా అందుకుని, చొక్కా గుండీ విప్పి, లోపల చంకలో పెట్టుకుని ఒక బండ మీద కూర్చున్నాడు, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు. బ్యాటరీ అయిపోతుందని టార్చి ఆపేశాం. పైనుంచి వచ్చే పలచటి వెలుగులో ఆయన ఆకారం మాత్రం కనబడుతోంది. ఎక్కడో ఒక చుక్క పడుతోంది.

"డిగ్రీ" అన్నాడు. "టార్చి ఎయ్యి."

వేశాను. ఎడమచేతి తొడుగు విప్పి పక్కన పెట్టి ఉంది. దూది బయటికొచ్చి ఉంది. మొండి వేళ్ళను తెల్లటి గోడకు ఆనించి ఉన్నాడు. ఎంతసేపటినుంచి అలా పెట్టుకున్నాడో.

"ఇది మంచు గాదు" అన్నాడు.

"మీకెలా తెలుసన్నా?"

"నొస్తలేదు."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, రోజూ చెప్పే విషయంలాగ. "సల్లగదిల గోడకు తాకితే ఈ రెండు వేళ్ళు జిల్లున గుంజుతయి. మోచెయ్యి దాక. తొడుగు ఉన్నా గుంజుతయి. పొద్దున అడుగు పెట్టంగనే మొదలైతది, పొద్దుగూకేదాక ఉంటది. ఇది సల్లగ లేదు తమ్మీ. బయట ఎండకు మనకు సల్లగ అనిపిస్తున్నది గంతే. ఇది రాయి."

గోడ మీద చెయ్యి వేశాను. రాయే. వేలితో గీకితే గరుకుగా ఉంది, కరగలేదు. సున్నపురాయి. మూడేళ్ళు కెమిస్ట్రీ చదివిన నేను ముట్టుకుని తెలుసుకోవాల్సిన సంగతి అది. నా పక్కన రోజూ పని చేసిన మనిషికి రోజంతా మోచేతిదాకా నొప్పి గుంజుతుందన్నది కూడా అలాగే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. రెండూ నేను చెయ్యలేదు.

అప్పటికి కెమెరా అద్దం ఆరింది. నేను ఒక మాట అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని, అన్నాను. "ఫోటోలో మంచులాగే పడుతుందన్నా. ఎవరికీ తెలియదు. గుమాస్తా నోరు మూతపడుతుంది."

"గంగామణి నోరు?"

నేను కెమెరా అద్దం మళ్ళీ తుడిచాను.

"ఆమె నవ్వులు ఆగాలని అడగలే. నిజం చెప్పుమన్నది" అంటూ ఆయన లేచి, గోడ దగ్గర నిలబడి, ఎడమచెయ్యి ఐదు వేళ్ళూ చాపి తెల్లటి గోడ మీద ఆనించాడు. మూడు పొడుగ్గా, రెండు పొట్టిగా. "చెయ్యి మంచిగ పడేటట్టు తియ్యి. మొకం లేకున్నా సరే."

నాలుగు ఫోటోలు తీశాను. నాలుగింట్లోనూ చెయ్యే నడిమధ్యన. రీలు అయిపోయింది. పైకి ఎక్కేటప్పుడు అబూ నాసిర్ తాడు లాగుతూ, "చూశారా, నేను చెప్పినట్టే ఉందా?" అని అడిగాడు. ఆయన చెప్పినట్టే ఉంది. ఆయన మంచు అనలేదు. ఆ మాట ఆయనకు చెబితే, పెద్దగా నవ్వి, నీళ్ళుండే చోట మంచు ఎందుకుంటుంది అని నన్ను కొంచెం జాలిగా చూశాడు.

తిరిగొచ్చిన సాయంత్రమే పోశెట్టన్న ఉత్తరం చెప్పించాడు. ఇంతకుముందెప్పుడూ ఆయన వాక్యం వాక్యంగా చెప్పలేదు. "గుహ ఉన్నది. మంచు లేదు, తెల్లరాయి ఉన్నది. మంచు అని రాసింది రాసెటోడు, నేను వింటానే ఊకున్న. చెయ్యి గీరుకపోయింది అని రాయుమన్నది నేను. రెండు వేళ్ళు సగం పోయినయి. ఫోటోల సూడు. రాసెటోని తప్పు ఎంతనో నా తప్పు గంతనే." చెప్పి, చదవమన్నాడు. చదివాను. ఈసారి ఎక్కడా వేగం పెంచలేదు.

ఇప్పుడు మా కుర్రాళ్ళు రోజుకు రెండుసార్లు ఇంటికి వీడియోలో మాట్లాడతారు. గది చూపిస్తారు, పళ్ళెం చూపిస్తారు, కిటికీ చూపిస్తారు. జ్వరమొచ్చినప్పుడు మాత్రం మొహం కడుక్కుని, దీపం వెనకపక్కకు వచ్చేలా కూర్చుని చూపిస్తారు. మొన్న గుహలో ఫోటో దిగిన గుంటూరు కుర్రాడి పేరు ఉద్యోగాలు పోయేవాళ్ళ జాబితాలో ఉంది. వాళ్ళమ్మకు ఇంకా తెలియదు. నేను చేతికి తొడుగు తొడిగిన కాలం వాణ్ణి, వాళ్ళు తెరకు తొడుగుతారు. అంత పెద్ద తేడా నాకైతే కనబడలేదు. తేడా ఉంటే జవాబు వచ్చే వేగంలో ఉంది. మేం నలభై రోజులు ఎదురుచూశాం. పోశెట్టన్న ఆ నలభై రోజుల్లో ఒక్కసారి కూడా, జవాబు వస్తుందంటావా అని నన్ను అడగలేదు. ఊరికి పోయివచ్చిన ప్రతి మనిషి సంచీ వైపు మాత్రం చూసేవాడు.

క్యాసెట్టు వచ్చింది. గది తలుపు మూసి విన్నాం, ఆయనా నేనూ.

"లత నాయినా, ఫోటో అందింది. చీటి ఈసారి ఇంట్లనే పక్కింటి పిల్లతోని సదివించుకున్న. కార్ఖానకు నేనే పట్కపోయిన. మంచు లేదంట, రాయంట, మా ఆయిననే రాయించిండు అని అందరికి నేనే చెప్పిన. గుమాస్తా అద్దాలు పెట్టుకొని సూసి, లేదు గంగామణీ, మంచు లెక్కనే ఉన్నది అన్నడు. కాదు, రాయి అన్న. మంచే అన్నడు. నువ్వు పోయి సూసినవా అని అడిగిన. అద్దాలు తీసి జేబుల పెట్టుకున్నడు. ఇగ చెయ్యి. నేను చెయ్యి మొత్తమే పోయిందనుకున్న. నిద్ర పట్టలే. రెండు వేళ్ళు, గవి గూడ సగం. సరే. ఒక్కటి అడుగుత. మా కార్ఖానల కత్తెరకు వేలు తెగినామె ఉన్నది. సలికాలం వస్తె నొప్పికి ఏడుస్తది. నువ్వు ఏడాదంత సలికాలంల ఉంటివి. నొస్తదా? నిజం చెప్పు."

పోశెట్టన్న టేపు ఆపాడు. నేను అట్ట, కాగితం తీశాను.

"నొస్తది అని రాయి" అన్నాడు.

"ఎంతో రాయనా?"

"వద్దు. నువ్వు రాస్తే ఎక్కువైతది."

ఒక్క మాటే రాశాను. ఆయన దానికి జవాబు వచ్చేదాకా ఆగలేదు. శనివారం పొద్దున్నే ముదీర్ గది ముందు నిలబడ్డాడు. తొడుగు లేదు. చల్లగదిలో నేను పని చెయ్యలేను, బయట ఏ పనైనా చేస్తా అన్నాడు. ముదీర్ కుదరదన్నాడు. ఆదివారం వచ్చి అదే మాట అన్నాడు, అదే చోట నిలబడి, అదే గొంతుతో. సోమవారం వచ్చాడు. మంగళవారం ముదీర్ తలెత్తి, ఆ చెయ్యిని మొదటిసారి చూశాడు. గోడౌను కప్పు మీద కంప్రెసర్లు చూసే పాకిస్తానీ మెకానిక్కు ఎండకు తట్టుకోలేక కిందికి దించమని ఏడాదిగా అడుగుతున్నాడు. ఇద్దరినీ మార్చారు.

మరుసటి శుక్రవారం పోశెట్టన్న సెలవు లేకుండా కప్పు మీదే ఉన్నాడు, ఏదో యంత్రం ఆగిందని. నేను అట్ట, కాగితం పట్టుకుని నిచ్చెన ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. జూలై నెల. రేకు మీద చెప్పు పెడితే అడుగు మెత్తబడుతోంది. ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది, గడ్డం మీంచి చెమట కారుతోంది. ఎడమచెయ్యి ఎండలో వేడెక్కిన పైపు మీద పెట్టుకుని, ఉన్న మూడు వేళ్ళూ లేని రెండు వేళ్ళూ చాపుకుని కూర్చున్నాడు.

"ఏం రాయమంటారు?" అన్నాను.

మోచేత్తో గడ్డం మీది చెమట తుడుచుకున్నాడు.

"ఇప్పుడు వెచ్చగున్నది అని రాయి" అన్నాడు.